అమెరికన్ జేబుచాకుల సేకరణ: ఒకే నమూనా పట్టుకుని తయారీదారులను పోల్చే పద్ధతి

అమెరికాలో తయారైన పాతతరహా జేబుచాకులను కూడబెట్టడం మొదలుపెట్టినవారిలో చాలామంది ముందుగా కంపెనీ పేరు చూసి కొంటారు. కేస్ పేరుతో ఒకటి, బక్ పేరుతో మరొకటి, మూతబడిన ష్రేడ్ ఫ్యాక్టరీ నుంచి ఇంకొకటి చేరతాయి. ఏడాది గడిచేసరికి పెట్టె నిండుతుంది గాని, వాటిలో ఏది మంచి పనితనమో, ఎందుకు మంచిదో చెప్పగలిగే జ్ఞానం మాత్రం కలగదు. రెండు బ్లేడుల వేటచాకును నాలుగు బ్లేడుల చిన్న చాకుతో పోల్చి తయారీదారుల మీద తీర్పు చెప్పడం సాధ్యం కాదు. అందుకే ముందు నమూనాను ఎంచుకుని, ఆ ఒక్క నమూనాను వేర్వేరు తయారీదారుల చేతుల్లో చూడమని ఈ మార్గదర్శి సూచిస్తుంది.

సంప్రదాయ చాకు అని ఇక్కడ చెబుతున్నది స్లిప్‌జాయింట్ రకాన్ని. ఇందులో బ్లేడును తెరిచి ఉంచేందుకు తాళం ఉండదు. పిడి వెన్నులో ఉండే ఉక్కు స్ప్రింగు ఒత్తిడి ఒక్కటే బ్లేడును నిలబెడుతుంది. 1960లలో వచ్చి పేరు తెచ్చుకున్న బక్ 110 ఎంత ప్రసిద్ధమైనా తాళమున్న చాకు కాబట్టి దాని లెక్క వేరు.

మొదటి అడుగు: నమూనాను ఎంచుకోవడం

అమెరికన్ చాకుల్లో ప్రతి నమూనాకూ ఒక పనీ, ఒక పేరూ ఉన్నాయి. ట్రాపర్‌లో పొడవు సమానంగా ఉన్న రెండు బ్లేడులుంటాయి. ఉచ్చులు పన్ని జంతువులను పట్టి తోలు ఒలిచేవారి అవసరం నుంచి అది వచ్చింది. బార్లో పొడవాటి లోహపు తలతో, తక్కువ ధరకు దొరికే గట్టి చాకు. మసాచుసెట్స్‌లో జాన్ రసెల్ 1834లో నెలకొల్పిన కంపెనీ పేరు దానితో విడదీయలేనంతగా కలిసిపోయింది. పీనట్ మూడంగుళాల లోపు ఉండే బుల్లి చాకు. కాంగ్రెస్, కనూ, మస్క్‌రాట్, సన్‌ఫిష్ వంటివి ఇంకా ఎన్నో ఉన్నాయి.

కొత్తగా మొదలుపెట్టేవారికి నేను సూచించేది మధ్యస్థాయి స్టాక్‌మన్. దీనికి మూడు బ్లేడులు. కొన వాడిగా ఉన్న క్లిప్ బ్లేడు మామూలు పనులకు, అంచు తిన్నగా ఉన్న షీప్‌ఫుట్ బ్లేడు గీతలా కోయడానికి, కొన మొద్దుగా ఉన్న స్పే బ్లేడు కోడెదూడలకు విత్తులు తీయడానికి ఉద్దేశించినవి. పశువుల పెంపకం పెద్ద వ్యాపారంగా ఎదిగిన కాలంలో, 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో, ఈ నమూనా రూపుదిద్దుకుంది. దాదాపు ప్రతి అమెరికన్ కంపెనీ దీన్ని తయారుచేసింది కాబట్టి పోల్చడానికి సరుకు కొరత లేదు.

దీన్ని ఎంచుకోమనడానికి అంతకంటే పెద్ద కారణం దాని నిర్మాణంలో ఉంది. స్టాక్‌మన్‌లో సాధారణంగా మూడు బ్లేడులకు రెండే స్ప్రింగులుంటాయి. ఒక చివర పెద్ద బ్లేడు, రెండో చివర పక్కపక్కనే రెండు చిన్న బ్లేడులు ఇరుకు సందులో ఒకదానికొకటి తగలకుండా మడుచుకోవాలి. అందుకోసం పనివాడు బ్లేడును మొదలు దగ్గర సుత్తితో కొట్టి కాస్త పక్కకు వంచుతాడు. ఈ వంపు తక్కువైతే బ్లేడులు ఒకదానినొకటి రాచుకుని గీతలు పడతాయి, ఎక్కువైతే తెరిచిన బ్లేడు వంకరగా కనిపిస్తుంది. ఒంటి బ్లేడు చాకులో దాచుకోగలిగిన లోపాలను స్టాక్‌మన్ దాచనివ్వదు. ఒక ఫ్యాక్టరీ పనితనం తెలుసుకోవాలంటే అది చేసిన స్టాక్‌మన్‌ను చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

రెండో అడుగు: భాగాల పేర్లు నేర్చుకోవడం

అమ్మకందారుల వివరణలు అర్థం కావాలంటే కొన్ని మాటలు తెలిసి ఉండాలి. బ్లేడులో పిడి లోపల ఇమిడే మందమైన మొదలును టాంగ్ అంటారు, కంపెనీ ముద్ర ఉండేది దాని మీదే. పిడి చివర్లలో మెరిసే లోహపు తొడుగులు బోల్స్టర్లు. ఎముక, కొమ్ము వంటి పిడి పలకల కింద ఉండే పలుచని రేకులు లైనర్లు, ఇవి ఎక్కువగా ఇత్తడివి. పిడి మీద పొదిగిన చిన్న లోహపు బిళ్ల షీల్డ్. బ్లేడును గోటితో లాగేందుకు తీసిన గాడి నెయిల్ నిక్. తెరిచేటప్పుడు బ్లేడు సగంలో ఒకసారి ఆగి నిలిస్తే దాన్ని హాఫ్ స్టాప్ అంటారు. తెరిచి మూసేటప్పుడు స్ప్రింగు చేసే చురుకైన కదలికనూ శబ్దాన్నీ కలిపి సేకర్తలు వాక్ అండ్ టాక్ అంటారు. నాణ్యత గురించి మాట్లాడేవారంతా మొదట ఎత్తేది ఇదే.

మూడో అడుగు: తయారీదారులను పోల్చడం

ఈ పరిశ్రమ అమెరికాలో వేళ్లూనుకోవడంలో సుంకాల పాత్ర ఉంది. ఇంగ్లాండులోని షెఫీల్డ్, జర్మనీలోని సోలింగెన్ నుంచి వచ్చే చాకులతో పోటీపడలేకపోయిన స్థానిక కంపెనీలకు 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం ఊపిరి పోసింది. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని కూడా ఆ చట్టమే విధించింది. టాంగ్ మీద జర్మనీ, ఇంగ్లాండ్ అన్న మాటలు కనిపిస్తే ఆ చాకు చాలావరకు ఆ చట్టం తర్వాతి దిగుమతి అని అనుకోవచ్చు. న్యూయార్క్ రాష్ట్రమూ, దానికి ఆనుకుని ఉన్న పెన్సిల్వేనియా ఉత్తర ప్రాంతమూ ఈ వృత్తికి కేంద్రాలయ్యాయి. కింద చెప్పే కంపెనీల్లో బక్, రెమింగ్టన్ తప్ప తక్కినవన్నీ అక్కడివే.

కేస్ కథ 1889లో న్యూయార్క్ రాష్ట్రంలో కేస్ సోదరులతో మొదలైంది. డబ్ల్యూ.ఆర్. కేస్ అండ్ సన్స్ కంపెనీ 1905లో పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫోర్డ్ పట్టణానికి చేరింది, నేటికీ అక్కడే పనిచేస్తోంది. అదే పట్టణానికి చెందిన లైటర్ల కంపెనీ జిప్పో 1993లో దీన్ని కొనుక్కుంది. సేకర్తల సంఖ్యలో, పాత చాకుల లభ్యతలో, ముద్రల వివరాల్లో కేస్‌కు సాటి రాగల అమెరికన్ కంపెనీ లేదు. దాని మధ్యస్థాయి స్టాక్‌మన్ 18 అనే నమూనా, మూసినప్పుడు సుమారు మూడున్నర అంగుళాల పొడవు. స్ప్రింగులు మరీ బిగువుగా ఉండవు, గోరు నొప్పి పుట్టకుండా తెరుచుకుంటుంది. అయితే ఒక చాకుకూ ఇంకొక చాకుకూ తేడా ఉంటుంది. స్ప్రింగుకూ లైనరుకూ మధ్య సన్నని వెలుగు గీత కనిపించడం, బ్లేడులు రాచుకోవడం కేస్ కొత్త చాకుల్లో అరుదేమీ కాదు. కాబట్టి కేస్‌ను చేతిలోకి తీసుకుని చూశాకే కొనాలి.

గ్రేట్ ఈస్టర్న్ కట్లరీ 2006లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో మొదలైంది. సేకర్తలు జీఈసీ అని పిలిచే ఈ కంపెనీ చాకులు టిడియూట్, నార్త్‌ఫీల్డ్, ఫామ్ అండ్ ఫీల్డ్ పేర్లతో వస్తాయి. వంద సంవత్సరాల కిందటి నమూనాలను ఎక్కువగా 1095 కార్బన్ ఉక్కుతో చేస్తారు. కాఫ్ రోపర్ అని పిలిచే దీని 66వ నమూనా కేస్ 18తో పోల్చడానికి సరిగ్గా సరిపోతుంది. కీళ్ల బిగువు, స్ప్రింగు వెన్నుతో సమంగా ఒదగడం, పిడి అంచుల నునుపు అనే మూడింటిలోనూ ఇప్పటి ఫ్యాక్టరీ చాకుల్లో జీఈసీదే పైచేయి అని నా అభిప్రాయం. దానికి చెల్లించాల్సిన మూల్యం రెండు రకాలుగా ఉంటుంది. కొన్ని నమూనాల్లో స్ప్రింగు ఎంత గట్టిదంటే గోరు విరుగుతుందేమో అనిపిస్తుంది. పైగా ఒక్కో నమూనాను పరిమిత సంఖ్యలో చేసి ఆపేస్తారు కాబట్టి దుకాణాల్లో త్వరగా అయిపోయి, చేతులు మారిన కొద్దీ ధర పెరుగుతుంది. వాడుకోవాలన్న ఆలోచన లేకుండా, తిరిగి అమ్మడానికే కొనేవారి వల్ల ఈ చాకుల బజారు కొంత చెడిందని చెప్పక తప్పదు.

ష్రేడ్ విషయంలో జాగ్రత్తా, అవకాశమూ రెండూ ఉన్నాయి. 1904లో న్యూయార్క్ రాష్ట్రంలోని వాల్డెన్‌లో మొదలైన ఈ కంపెనీ తర్వాతి కాలంలో చేతులు మారి, ఎలెన్‌విల్ పట్టణానికి మారి, 2004లో మూతబడింది. ఓల్డ్ టైమర్, అంకుల్ హెన్రీ అనే రెండు వరుసలు అమెరికన్ రైతుల జేబుల్లో దశాబ్దాలు తిరిగాయి. ఓల్డ్ టైమర్‌లోని 34ఓటీ మనం ఎంచుకున్న నమూనాకు సమానమైనది. పిడి ఎముక కాదు, ఎముకలా గాట్లు పెట్టిన డెల్రిన్ ప్లాస్టిక్. చూపుకు సాదాగా ఉన్నా 1095 ఉక్కు బ్లేడు చక్కగా పదునెక్కుతుంది. లక్షల్లో తయారైన సరుకు కాబట్టి తక్కువ డబ్బుకే మంచి స్థితిలో దొరుకుతుంది. మొదటి చాకు ఏది కొనాలని అడిగితే నేను దీన్నే చెబుతాను. జాగ్రత్త ఎక్కడంటే, 2004 తర్వాత ఆ పేర్లను వేరే కంపెనీలు కొనుక్కుని ఎక్కువగా చైనాలో తయారు చేయిస్తున్నాయి. టాంగ్ మీద యూఎస్ఏ అన్న అక్షరాలు లేని ఓల్డ్ టైమర్‌కు అమెరికన్ సేకరణలో చోటు లేదు.

బక్ 303 క్యాడెట్ మూడుంబావు అంగుళాల స్టాక్‌మన్. కాలిఫోర్నియాలో పెరిగిన బక్ కంపెనీ 2005లో ఐడహోలోని పోస్ట్ ఫాల్స్‌కు తరలివెళ్లింది. ఈ 300 వరుస చాకులను తొలినాళ్లలో బక్ సొంతంగా చేయలేదు, ష్రేడ్, కామిల్లస్ ఫ్యాక్టరీలు ఒప్పందం మీద చేసిచ్చాయి. అందువల్ల పాత బక్ స్టాక్‌మన్‌ను చేతిలోకి తీసుకున్నప్పుడు నిజానికి న్యూయార్క్ పనివారి నైపుణ్యాన్ని చూస్తున్నారన్న మాట. ఇప్పటి వాటిలో 420హెచ్‌సీ ఉక్కు వాడతారు. సామాన్యమైన ఉక్కే అయినా పాల్ బాస్ అనే నిపుణుడు రూపొందించిన ఉష్ణచికిత్స వల్ల దాని స్థాయికి మించి పదును నిలుపుకుంటుంది. రోజూ జేబులో పెట్టుకోవడానికి నిర్భయంగా వాడుకోవచ్చు, అయితే సేకర్తకు మురిపెం కలిగించే అలంకారం అందులో తక్కువ.

క్వీన్ కూడా టైటస్‌విల్‌దే. షాట్ అండ్ మోర్గాన్ అనే ఫ్యాక్టరీలో పనిచేసినవారు 1922లో దీన్ని మొదలుపెట్టారు, తర్వాతి కాలంలో ఆ పాత పేరును కూడా మళ్లీ ముద్రించి అమ్మారు. చివరి దశాబ్దాల్లో డీ2 ఉక్కు వాడకంతో పేరు పొందింది, 2018లో మూతబడింది. చెక్కిన ఎముక పిడుల అందం చూడాలంటే క్వీన్ మంచి ఉదాహరణ. బ్లేడు అంచు మాత్రం కొన్నింటిలో ఫ్యాక్టరీ నుంచే మందంగా వచ్చింది, డీ2ను సాన పట్టడం ఓపికతో కూడిన పని.

న్యూయార్క్ రాష్ట్రంలోని సిరాక్యూస్ నగరం దగ్గరి కామిల్లస్ 2007లో ఆగిపోయింది. అమెరికన్ సైన్యానికి అది సరఫరా చేసిన పూర్తి స్టీలు చాకులను, టాంగ్ మీద సంవత్సరం స్పష్టంగా ముద్రించి ఉంటుంది కాబట్టి, ఏటికొకటి చొప్పున కూర్చుకునేవారున్నారు. తుపాకుల కంపెనీ రెమింగ్టన్ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత చాకుల తయారీలోకి దిగి 1940 వరకు కొనసాగింది. పిడి మీద తూటా ఆకారపు షీల్డ్ ఉన్న దాని పెద్ద చాకులు నేడు చాలా ఖరీదైనవి. 1982 నుంచి అవే పేర్లతో పునర్నిర్మాణాలు వచ్చాయి, వాటిని 1920ల నాటి అసలు చాకులుగా పొరబడకూడదు.

నాలుగో అడుగు: ముద్రలను చదవడం

కేస్ నమూనా సంఖ్యను చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్లే. 6318 అన్న సంఖ్యలో మొదటి అంకె పిడి పదార్థాన్ని, రెండోది బ్లేడుల సంఖ్యను, మిగిలినవి నమూనాను తెలుపుతాయి. 6 అంటే గాట్లు చెక్కిన ఎముక, 5 అంటే జింక కొమ్ము, 3 అంటే పసుపు రంగు కృత్రిమ పదార్థం. కాబట్టి 3318 అదే స్టాక్‌మన్ పసుపు పిడితో, 6254 ఎముక పిడితో రెండు బ్లేడుల ట్రాపర్.

కాలాన్ని టాంగ్ ముద్ర చెబుతుంది. కేస్ టెస్టెడ్ ఎక్స్ఎక్స్ అన్న ముద్ర సుమారు 1920 నుంచి 1940 వరకు, కేస్ ఎక్స్ఎక్స్ అన్నది 1940 నుంచి 1964 వరకు, దానికి యూఎస్ఏ చేరినది 1965 నుంచి 1969 వరకు వాడుకలో ఉన్నాయి. 1970లో పది చుక్కలు పెట్టి, ఆపై ఏటా ఒక చుక్క తీసేస్తూ వచ్చారు. ఆ లెక్కన ఆరు చుక్కలుంటే 1974, ఒకటే ఉంటే 1979. 1980లో కేస్ పేరులోని ఎస్ అక్షరాన్ని మెరుపు ఆకారంలోకి మార్చి మళ్లీ పది చుక్కలతో మొదలుపెట్టారు. అక్షరం ఆకారం చూడకుండా చుక్కలు మాత్రమే లెక్కపెడితే పదేళ్ల తేడా వస్తుంది.

ష్రేడ్‌కు ఇంత సూక్ష్మమైన పద్ధతి లేదు, వాల్డెన్ అన్న మాట ఉంటే పాతదనీ, లేకపోతే 1970లలోది లేదా ఆ తర్వాతిదనీ స్థూలంగా గ్రహించాలి. బక్ 1986 నుంచి ఏడాదికొక చిన్న గుర్తును ముద్రిస్తోంది.

ఐదో అడుగు: ఉక్కు, పిడి పదార్థం

కార్బన్ ఉక్కు సాన రాయి మీద సులువుగా పదునెక్కుతుంది, తేమ తగిలితే తుప్పు పడుతుంది. 1095లో కార్బన్ సుమారు 0.95 శాతం. కేస్ సీవీ అని ముద్రించేది క్రోమియం, వనేడియం స్వల్పంగా కలిపిన అటువంటి ఉక్కే. డీ2లో క్రోమియం సుమారు 12 శాతం ఉంటుంది, అది స్టెయిన్‌లెస్‌కు దాదాపు దగ్గరగా వస్తుంది. కార్బన్ బ్లేడుతో ఒక్క పచ్చి మామిడికాయ కోస్తే చాలు, నిమిషాల్లో నీలం, నలుపు కలిసిన మరకలు తేలతాయి. ఇది తుప్పు కాదు, బ్లేడును కొంతవరకు కాపాడే పటీనా. ఎర్రగా, పొడిపొడిగా వచ్చేదే తుప్పు.

ఎముక పిడికి పశువుల కాలి ఎముక వాడతారు. కేస్ తన ఎముకను బ్రెజిల్‌లోని జెబూ, అంటే మూపురమున్న, పశువుల నుంచి తెప్పించుకుంటుంది. బ్రెజిల్ జెబూ మందల్లో అధికభాగం నెలోర్ జాతి, ఆ జాతి మూలాలు మన ఒంగోలు గిత్తల్లో, పేరు మన నెల్లూరులో ఉన్నాయి. పెన్సిల్వేనియాలో చేసిన చాకు పిడిలో కోస్తాంధ్ర పశువుల వంశం ఉండే అవకాశం ఉందన్న సంగతి ఈ వ్యాసంగంలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం.

జింక కొమ్ము పిడుల సంగతి కూడా భారతదేశంతో ముడిపడినదే. గట్టిదనానికి, ఆకృతికి పేరుపడిన సాంబర్ కొమ్ము, అంటే మన కణుజు కొమ్ము, దశాబ్దాల పాటు ఇక్కడి నుంచే ఎగుమతి అయింది. 1990ల చివర్లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించడంతో మంచి కొమ్ము కొరతపడి, పాత కొమ్ము పిడుల విలువ పెరిగింది.

సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్ పిడులున్న పాత చాకులను విడిగా పెట్టాలి. ఆ పదార్థం కాలం గడిచేకొద్దీ విచ్ఛిన్నమై ఆమ్ల వాయువులను వదులుతుంది. ఆ వాయువు తన బ్లేడునే గాక పెట్టెలోని పక్క చాకులను కూడా తుప్పు పట్టిస్తుంది.

ఆరో అడుగు: చేతిలోకి తీసుకుని పరీక్షించడం

ముందుగా చాకును మూసిన స్థితిలో వెలుతురుకు ఎదురుగా పట్టుకుని వెన్ను వైపు చూడాలి. స్ప్రింగుకూ లైనరుకూ మధ్య వెలుగు ఎక్కడ కనిపిస్తుందో గమనించాలి. తర్వాత ఒక్కో బ్లేడును తెరిచి, కొన పట్టుకోకుండా వెన్ను పట్టుకుని పక్కలకు కదిపి చూడాలి. పాత చాకులో కొద్దిపాటి కదలికను క్షమించవచ్చు, కొత్తదానిలో క్షమించకూడదు. పిడి పలకల్లో పిన్నుల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లను భూతద్దంతో వెతకాలి.

ఆపై బ్లేడు ఎంత అరిగిందో అంచనా వేయాలి. వాడని చాకు ఫొటోను పక్కన పెట్టుకుని వెడల్పును, కొన ఆకారాన్ని పోల్చడమే సరైన మార్గం. సేకర్తల వాడుకలో మింట్ అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్నది, పదును కూడా పట్టనిది. ఎక్సలెంట్ అంటే అరుగుదల సుమారు పది శాతం లోపు, వెరీ గుడ్ అంటే సుమారు పాతిక శాతం. అమ్మేవారు ఈ మాటలను ఉదారంగా వాడతారు కాబట్టి కళ్లను నమ్మడం మేలు.

నకిలీలు ఖరీదైన పాత ముద్రల చుట్టూ తిరుగుతాయి. మూడు బ్లేడుల మీద ముద్రల కాలం ఒకదానికొకటి పొసగకపోతే బ్లేడు మార్చినట్టు అనుమానించాలి. బ్లేడు అంతా వందేళ్ల అరుగుదలతో ఉండి ముద్ర మాత్రం అంచులు వాడిగా కనిపిస్తే అది తర్వాత కొట్టినది కావచ్చు. పిన్నులు కొత్తగా మెరవడం, బోల్స్టర్ అంచులు గుండ్రంగా కరిగిపోయినట్టు ఉండడం, బ్లేడు అద్దంలా మెరవడం యంత్రంతో రుద్ది మెరుగుపెట్టిన సూచనలు. అలా మెరుగుపెట్టిన పాత చాకుకు సేకర్తల దృష్టిలో విలువ సగానికి సగం పోయినట్టే, మురికిగా ఉన్న అసలు చాకే దానికన్నా మేలు.

ఏడో అడుగు: కొనడం

కొత్త చాకులకు అధీకృత దుకాణాలు, పాతవాటికి చాకుల ప్రదర్శనలు, ఇళ్లలోని సామాను అమ్మే ఎస్టేట్ సేల్‌లు, వారాంతపు ఫ్లీ మార్కెట్లు, ఆన్‌లైన్ వేలాలు మార్గాలు. ప్రదర్శనలో అమ్మకందారు బల్ల మీది చాకును అనుమతి అడగకుండా తెరవకూడదు, బ్లేడు మీద వేలిముద్రలు వదలకూడదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు టాంగ్ రెండు వైపులా, వెన్ను వైపు, అన్ని బ్లేడులూ తెరిచిన స్థితిలో, మూసిన స్థితిలో ఫొటోలు అడగాలి. ఇవ్వడానికి ఇష్టపడని అమ్మకందారు దగ్గర ఎంత చవకైనా కొనకూడదు. వేలంలో అమ్మకందారు అడిగే ధరకూ నిజంగా అమ్ముడైన ధరకూ చాలా తేడా ఉంటుంది, చూడవలసింది రెండోదాన్ని. తొలి ఏడాదికి ష్రేడ్ 34ఓటీ, బక్ 303, కేస్ 18 ఒక్కొక్కటి చాలు. వాటిని పక్కపక్కన పెట్టుకుని వాడి చూశాకే జీఈసీకి డబ్బు పెట్టడం తెలివైన పని.

ఎనిమిదో అడుగు: భద్రపరచడం, చట్టం, జాబితా

తోలు ఒరల్లో చాకులను నిల్వ చేయకూడదు. తోలులోని రసాయనాలు, తేమ కలిసి ఇత్తడి లైనర్లకు పచ్చని చిలుము, బ్లేడుకు తుప్పు తెస్తాయి. బ్లేడు తుడిచి, మినరల్ ఆయిల్ సన్నగా పూసి, కీలులో ఒక్క చుక్క వేసి, సిలికా జెల్ పొట్లంతో పాటు బట్ట పరిచిన పెట్టెలో ఉంచాలి. వంటనూనెలు వాడితే కొన్నాళ్లకు జిడ్డు గట్టిపడుతుంది.

అమెరికాలో స్లిప్‌జాయింట్ చాకు చాలా చోట్ల అభ్యంతరం లేనిదే అయినా నియమాలు రాష్ట్రానికీ, నగరానికీ మారతాయి, పాఠశాల ఆవరణలోకి ఏ చాకునూ తీసుకుపోకూడదు. విమానంలో చేతి సంచిలో అనుమతించరు, చెక్ఇన్ సామానులోనే పెట్టాలి. స్వదేశానికి వచ్చేటప్పుడు కణుజు కొమ్ము పిడి ఉన్న చాకును వెంట తెచ్చే ఆలోచన మానుకోవడం మంచిది, ఎందుకంటే ఆ జంతువు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలో ఉంది, దాని కొమ్ముతో చేసిన వస్తువుకు కస్టమ్స్ దగ్గర సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.

చివరగా ప్రతి చాకుకూ ఒక వరుస చొప్పున జాబితా రాయాలి. నమూనా సంఖ్య, టాంగ్ ముద్ర యథాతథంగా, ఉక్కు, పిడి పదార్థం, మూసినప్పటి పొడవు, కొన్న తేదీ, ధర, కనిపించిన లోపాలు అందులో ఉండాలి. లోపాల గడిని కొన్న రోజునే నింపాలి. కేస్ డబ్బా, జీఈసీ చాకు వచ్చే గొట్టం, లోపలి కాగితాలు కూడా పారేయకుండా అదే వరుస సంఖ్యతో దాచాలి, అమ్మే రోజున వాటికీ ధర పలుకుతుంది.